దించుడు సన్మానం

నమోదు 1

గుహ పాలకవర్గం ఆదేశం ప్రకారం బేస్‌బాల్ జట్టు మేనేజరు తన పనిని ఎప్పటికప్పుడు నమోదు చేయాలి. నాకంటే ముందున్న మేనేజరు రాసినవి చదివాను. "బాగా ఆడాం", "దురదృష్టం", "అంపైరు" అనే మూడు మాటలతో నాలుగేళ్లు నెట్టుకొచ్చాడు. నేను అలా రాయను.

నా పేరు భ్రమరాంబ. ముప్పై ఏళ్లు గాలి గొట్టాల తనిఖీ విభాగంలో లోహాల పరీక్ష చేశాను. ఏ గొట్టం ఎప్పుడు పగులుతుందో పగలకముందే చెప్పడం నా ఉద్యోగం. నాకు నలుగురు మనవలు. నలుగురిలో ఒక్కరికీ బంతి పట్టుకోవడం రాదు కనుక బంధుప్రీతి అన్న మాట ఎవరూ అనలేరు.

ఈ పదవి నాకెలా వచ్చిందో కూడా రాయాలి. కిందటేడు ఫైనల్లో మన పిచర్ గోవిందస్వామి చెయ్యి ఎనిమిదో ఇన్నింగ్స్‌లో విరిగింది. బంతి ముందుకు వెళ్లింది, చెయ్యి పక్కకు వేలాడింది. ఆ చప్పుడు చివరి వరస దాకా వినపడింది. చంద్రుడి మీద గుహల్లో ప్రతిధ్వని బాగుంటుంది. అతన్ని ఐదో ఇన్నింగ్స్‌లోనే దించాల్సింది. ఆ సంగతి మేనేజరుకూ తెలుసు. కానీ శాలువా ఇంకా ఇస్త్రీ కాలేదట.

ఆ తర్వాత పాలకవర్గం సమావేశమై, ఏది ఎప్పుడు విరుగుతుందో తెలిసినవాళ్లు కావాలని తీర్మానించి నన్ను పిలిచింది. గోవిందస్వామికి జ్ఞాపిక ఇచ్చింది. అతను ఎడమచేత్తో అందుకున్నాడు.

ఇవాళ దీపాలు వెలిగాక గాలి ఫిల్టర్లు ఉతికి ఆరేశాను. నడుముకు ఇసుక సంచులు కట్టుకుని ఎముకలు గట్టిపడటానికి రోజూ చేసే నడక ముగించాను. తర్వాత మైదానానికి వెళ్లి పదవి స్వీకరించాను. నాకూ ఒక దండ వేయబోయారు. అందుకుని, వేయబోయినవాడి మెళ్లోనే వేశాను.

నమోదు 2

పాలకవర్గంలో ఈ ఆట తెలియనివాళ్లు ఐదుగురు, తెలుసనుకునేవాళ్లు నలుగురు. తొమ్మిది మందీ ఇది చదువుతారు కాబట్టి కొంచెం వివరం.

క్రికెట్‌కు చుట్టూ మైదానం కావాలి. మన గుహకు ఉన్నది ఒక మూల. మూలలో పట్టే ఆట బేస్‌బాల్ ఒక్కటే కాబట్టి మన పెద్దలు దాన్ని పట్టుకున్నారు. మధ్యలో ఒక దిబ్బ ఉంటుంది. దాని మీద నిలబడి బంతి విసిరే మనిషి పిచర్. క్రికెట్లో ఆరు బంతులకొకసారి బౌలర్ మారతాడు. ఇక్కడ మొదలుపెట్టిన మనిషే, మేనేజరు నడిచి వెళ్లి దించేదాకా విసురుతూ పోవాలి. ఒకసారి దిగితే ఆ ఆటలో మళ్లీ ఎక్కకూడదు. అందుకని ఎప్పుడు దించాలన్నదే మేనేజరు పని మొత్తం. మిగిలినదంతా చప్పట్లు.

ఎదుటి జట్టు బ్యాటర్లు తొమ్మిది మంది వరసగా వస్తారు. తొమ్మిది అయ్యాక మళ్లీ మొదటివాడు. ముగ్గురు అవుటయ్యేదాకా ఒక ఇన్నింగ్స్, అలాంటివి జట్టుకు తొమ్మిది; బంతి కొట్టిన బ్యాటర్ బేసులనే నాలుగు మజిలీలు చుట్టి వస్తే ఒక పరుగు. తొలి చుట్టులో మన పిచర్ బంతి వాళ్లకు కొత్త. రెండో చుట్టులో పరిచయం. మూడో చుట్టుకు బంధుత్వం. ఆ బంధుత్వం కలవకముందే దించాలి. ఓడితే ఇంటికి పోవాల్సిన నాకౌట్ ఆటల్లో మరీ ముందే దించాలి. ఈ మాత్రం సంగతి నాలుగు ఆటలు కళ్లు తెరిచి చూసిన ఎవరికైనా తెలుస్తుంది. మన మేనేజర్లు చూసిన ఆటలు తక్కువేమీ కాదు.

ఇంకొకటి ఉంది. భూమ్మీద విసిరిన బంతి దానంతటదే కొంత కిందికి దిగుతుందట. ఇక్కడ గీత గీసినట్టు నేరుగా పోతుంది. అది వంగాలంటే భుజం మెలిపెట్టి విసరాలి. ఇక్కడ పుట్టినవాళ్ల ఎముకలు అసలే సన్నం.

మన పిచర్ ఏలేటి కోమలి. పేరు చూసి మోసపోకూడదు. నీళ్ల ప్లాంటులో పని చేస్తుంది. గుహ బయట, ఉపరితలం మీద పనిచేసే దళంలో చేరాలని రెండేళ్లుగా దరఖాస్తు పెట్టుకుంటోంది. ఈసారి పిలుపొచ్చింది. ఫైనల్ అయిన రెండో రోజే సూటు పరీక్ష. బరువు సూటు తొడుక్కుని, రెండు చేతులూ తల మీదికి ఎత్తి నిచ్చెన ఎక్కాలి. చేతిలో లోపం కనబడితే ఆ దళంలోకి జన్మలో తీసుకోరు.

డాక్టరు ఆమె కుడి భుజం కింది ఎముకకు ఫొటో తీశాడు. వెంట్రుకంత పగులు ఉంది.

"విశ్రాంతి ఇస్తే అతుక్కుంటుందా?" అని అడిగాను.

"అతుక్కుంటుంది. ఆటకి డెబ్బై బంతుల దాకా పర్వాలేదు. దాటితే నేను చెప్పలేను," అన్నాడు.

ఆ మాట కోమలికి అక్కడే చెప్పాను.

"డెబ్బై అంటే ఎన్ని ఇన్నింగ్స్ మామ్మగారూ?" అంది.

"సుమారు ఆరు."

"ఆట తొమ్మిది కదా?"

"నాకు లెక్కలొచ్చు."

"మిగతా మూడూ ఎవరు విసురుతారు? మన జోగా?"

జోగినాథం పక్కనే ఉన్నాడు. పాచి పెంచే తొట్ల దగ్గర పని అతనిది. పిచర్ దిగాక ఎక్కేవాడు. కోమలి మాటకు అందరికంటే ముందు అతనే నవ్వాడు.

"మామ్మగారూ, నేను ఎక్కితే జనం టిఫిన్‌కి లేస్తారండి. అలవాటైపోయింది," అన్నాడు.

నమోదు 3

మొదటి నాకౌట్ ఆట. పడమటి గుహ మీద. మూడో చుట్టు మొదలవగానే దిబ్బ మీదికి నడిచి కోమలిని దించాను. అరవై ఎనిమిది బంతులు. ఆమె ముఖం మాడ్చుకుంది గాని బంతి ఇచ్చింది. ఆ తర్వాత జరిగినది ఇది.

మన గుహలో ఒక పిచర్‌ను ఊరికే దించడానికి లేదు. వెనకెప్పుడో ఒక పెద్ద కుటుంబం కుర్రవాణ్ణి మేనేజరు మధ్యలో దించాడట. అది విస్తరి ముందు నుంచి లేపినట్టుందని వాళ్ల బంధువులంతా అలిగారట. ఆ బంధువుల్లో సగంమంది గాలి ప్లాంటులో పని చేసేవాళ్లు. రెండు రోజులు గుహంతా నెమ్మదిగా ఊపిరి పీల్చుకుని, మూడో రోజు ఆ పిచర్‌ను దిబ్బ మీదికే పిలిచి శాలువా కప్పి, క్షమాపణ చెప్పింది. అప్పటినుంచి అది ఆచారమైంది. దించుడు సన్మానం అంటారు. దానికో సంఘం ఉంది. సంఘానికి కార్యదర్శి ఉన్నారు. నాగలింగేశ్వరం గారు.

శాలువా, దండ, జ్ఞాపిక, సంఘం అధ్యక్షులవారి రెండు మాటలు. ఆ రెండు మాటల్లో పిచర్ పుట్టుపూర్వోత్తరాలు, గుహ చరిత్ర, అధ్యక్షులవారి చిన్ననాటి కష్టాలు వచ్చాయి. కోమలి శాలువా కప్పుకుని చెమటతో నిలబడింది. జోగి వేడెక్కించుకున్న చెయ్యి చల్లారిపోయింది. ఎదుటి బ్యాటర్లు కూర్చుని సెనగలు తిన్నారు. ఆట మళ్లీ మొదలయ్యాక జోగి మొదటి బంతి గుహ కప్పుకు తగిలింది. వాళ్లు కొట్టినందుకు కాదు, ఇతను విసిరినందుకే.

ఒక్క పరుగు తేడాతో బతికాం.

ఆట అయ్యాక నాగలింగేశ్వరం గారి దగ్గరకు వెళ్లాను.

"సన్మానం ఆట అయ్యాక పెట్టుకోవచ్చు కదా?" అన్నాను.

ఆయన నావైపు చాలా జాలిగా చూశారు. "అమ్మా, తమరు చదువుకున్నవారు. ఆట అయ్యాక జనం ఉంటారా?"

నమోదు 4

నాగలింగేశ్వరం గారు మా ఇంటికి వచ్చారు. నేను పాలకూర తట్టలకు నీళ్లు కొలిచి పోస్తున్నాను.

"ఒక చిన్న మనవి. సెమీఫైనల్లో కోమలి గారిని ఎప్పుడు దించుతారో ముందుగా సెలవిస్తే బ్యానరు రాయించుకుంటాం."

"అలసినప్పుడు దించుతాను."

"అలాగే. సుమారుగా ఏ ఇన్నింగ్స్‌లో అలుస్తారంటారు?"

"అది రేపు ఆమె భుజాన్ని అడగాలి."

"ఏడు అని వేయించమంటారా? ఏడు మంచి అంకె."

"ఆరు దాటనివ్వను."

"ఆరు అంటే..." ఆయన గొంతు తగ్గించారు. "అధ్యక్షులవారికి ఆరో ఇన్నింగ్స్‌లో మందులు వేసుకునే వేళండి."

ఆయన చేతికి నీళ్ల కొలత గ్లాసు ఇచ్చి, రెండో తట్టకు పోయమన్నాను. ఎక్కువ పోశారు.

జట్టుకు ఒక సలహా పెట్టె కూడా ఉంది. పిచర్ బంతి వేగం, మెలిక చూసి, దించే వేళ కాగానే ఎర్రదీపం వెలిగించి "దించండి" అని చెప్పే యంత్రం. మంచి యంత్రమే. కానీ "దించండి" అన్న మాట మర్యాదగా లేదని సన్మాన సంఘం వారు దానికి సవరణ చేయించారు. ఇప్పుడది గులాబీ రంగు దీపం వెలిగించి, "పిచర్ గారు తమ అమూల్యమైన సేవలు ఇప్పటికే సమృద్ధిగా అందించి ఉన్నారేమోనని వినయపూర్వకంగా మనవి చేసుకుంటున్నాము" అంటుంది. అది చెప్పడం ముగిసేలోపు ఎదుటివాళ్లు ఒక బేసు దాటుతున్నారు. దానిమీద నా కండువా కప్పి పక్కన పెట్టాను.

నమోదు 5

సెమీఫైనల్. ఉత్తరపు గుహ మీద.

ఆరో ఇన్నింగ్స్‌లో కోమలి మోచెయ్యి కిందికి జారడం కనబడింది. విసిరేటప్పుడు మోచెయ్యి భుజం ఎత్తుకు రాకపోతే ఆ బరువంతా పగులు మీద పడుతుంది. నేను దిబ్బ మీదికి బయలుదేరాను. అంపైరు అడ్డం వచ్చాడు.

"శాలువా ఎక్కడమ్మా?"

"తెస్తారు."

"వచ్చాక రండి. శాలువా లేకుండా మొదటి పిచర్‌ను దించితే ఆచార భంగం. ఆట రద్దు చెయ్యాల్సి వస్తుంది."

నాగలింగేశ్వరం గారి కోసం చూశాను. బ్యానరు పట్టుకుని నిలబడ్డారు. దాని మీద పెద్ద అక్షరాలతో "ఏడో ఇన్నింగ్స్ వీరనారి" అని ఉంది. ఆయన నాకు ఒక వేలు చూపించారు. ఇంకొక్కటే అని.

ఆ ఒక్క ఇన్నింగ్స్‌లో కోమలి పదిహేను బంతులు విసిరింది. మొత్తం ఎనభై మూడు. గెలిచాం. జనం ఆమెను భుజాల మీద ఎత్తుకున్నారు. కుడిచెయ్యి పట్టుకుని లాగిన వెధవను నేను చేతిమీద కొట్టాను. ఎవరో పాలకవర్గం సభ్యుడి బావమరిదట.

సాయంత్రం డాక్టరు కొత్త ఫొటో పాతదాని పక్కన పెట్టాడు. పగులు పెరిగింది. చెప్పడానికి ఆయన తొందరపడలేదు. నేను చూడగలనని ఆయనకు తెలుసు.

"ఫైనల్లో యాభై ఐదు. అంతే," అన్నాడు.

కోమలి బల్ల మీద కూర్చుని కాళ్లు ఊపుతోంది. "గోవిందస్వామి బాబాయి ఎనిమిదో ఇన్నింగ్స్ దాకా వెళ్లాడు. మన గుహలో ఫైనల్ తొమ్మిదీ విసిరినవాళ్లు ఎవరూ లేరు," అంది.

"గోవిందస్వామి ఇప్పుడు ఏం పని చేస్తున్నాడు?"

"గేటు దగ్గర టికెట్లు చూస్తున్నాడు."

"ఏ చేత్తో?"

ఆమె కాళ్లు ఊపడం ఆపింది. "నాదీ విరుగుతుందని ఏముంది?" అంది.

గొట్టాల దగ్గరా ఇదే మాట విన్నాను. పగిలేదాకా ప్రతి గొట్టమూ బాగానే ఉంటుంది. సమయానికి మార్చేస్తే ఆ గొట్టం పగలదు. పగలని గొట్టానికి ఎవరూ దండ వేయరు. మార్చినదాన్ని మాత్రం బంగారంలాంటి గొట్టం పీకేసిందని తిడతారు. ఈ తిట్లకు నాకు ముప్పై ఏళ్ల అలవాటు ఉంది.

నమోదు 6

ఫైనల్ దక్షిణపు గుహ మీద. అన్ని గుహల సమాఖ్య ఛైర్మన్ ముఖ్య అతిథి. ఆయన బండి ఎనిమిదో ఇన్నింగ్స్ వేళకు చేరుతుందట. నాగలింగేశ్వరం గారు ఈ కబురు మోసుకుని ఫిల్టర్లు ఉతికే వరసలోకే వచ్చారు. నా ముందు నలుగురు, వెనక ఆరుగురు ఉన్నారు.

"కోమలి గారిని ఎనిమిది దాకా ఉంచితే చాలు. ఛైర్మన్ గారి చేతులమీదుగా శాలువా! గుహ గుహంతా ధన్యమవుతుంది."

"ఆ పిల్ల చెయ్యి విరుగుతుంది."

"అశుభం పలకకండి."

"పలకడం లేదు. ఫొటో చూపిస్తాను రండి."

"ఫొటోలు అపశకునమండి. ఆ అమ్మాయికే లేని భయం మనకెందుకు?" ఆయన వరసలోని వాళ్ల వైపు తిరిగారు. "ఏమంటారు?"

వరసంతా ఎనిమిది అంది. ఒకాయన తొమ్మిది అన్నాడు. వాళ్లలో ఎవరి చెయ్యీ బంతి పట్టుకోబోవడం లేదు.

మధ్యాహ్నం సాధన ముగిశాక జోగి బంతులు ఏరుతున్నాడు. నేను బెంచీ మీద కూర్చుని ఆలోచిస్తున్నాను. సన్మానం లేకుండా దించితే ఆట రద్దు. సన్మానం కావాలంటే ఎనిమిదో ఇన్నింగ్స్. అప్పటికి ఆ చెయ్యి ఉండదు.

"ఏంటి మామ్మగారూ, ఎప్పుడూ లేనిది ఖాళీగా కూర్చున్నారు?" అన్నాడు జోగి.

"జోగీ, నువ్వు ఎన్నిసార్లు దిగావు?"

"దిబ్బ మీంచా? బోలెడుసార్లు. కిందటేడు ఆరు."

"శాలువాలు ఎన్ని?"

అతను పెద్దగా నవ్వాడు. "నాకు శాలువా ఏంటండీ? అది ఆట మొదలుపెట్టినవాళ్లకే. తర్వాత ఎక్కినవాళ్లు ఎప్పుడు దిగినా ఎవడికీ పట్టదు. ఒకసారైతే నేను దిగానన్న సంగతి మా ఆవిడే చూళ్లేదు."

బంతులన్నీ ఏరాక అతన్ని పిలిచి పక్కన కూర్చోబెట్టాను.

"ఫైనల్ నువ్వు మొదలుపెడుతున్నావు."

"నేనా?"

"ఒక్క బ్యాటర్‌కి. ఆ తర్వాత నిన్ను దించేస్తాను. నీ తర్వాత కోమలి ఎక్కుతుంది. ఆమెను ఎప్పుడు కావాలంటే అప్పుడు దించుకోవచ్చు. ఆచారం అడ్డురాదు."

జోగి తెలివిలేనివాడు కాదు. ఏం చేస్తున్నానో అతనికి పూర్తిగా అర్థమైంది.

"అయితే నాకు సన్మానం జరుగుతుందన్నమాట."

"జరిగి తీరుతుంది."

"మా అమ్మని తీసుకురావచ్చాండీ?"

తీసుకురమ్మన్నాను.

నమోదు 7

ఫైనల్.

జోగి దిబ్బ ఎక్కాడు. పొరపాటున ఎక్కాడనుకుని ఇద్దరు కేకలేసి దిగమన్నారు. కోమలి నా దగ్గరకు పరుగెత్తుకొచ్చింది.

"ఏంటి మామ్మగారూ ఇది? నేను కదా?"

"నీ వంతు వస్తుంది. తెర వెనక్కి పోయి చెయ్యి వేడెక్కించుకో. చాలా సమయం ఉంటుంది."

జోగి నాలుగు బంతులు విసిరాడు. నాలుగోదాన్ని బ్యాటర్ పైకి లేపాడు, మనవాళ్లు పట్టుకున్నారు. ఒకడు అవుట్. నేను దిబ్బ మీదికి నడిచాను. అంపైరు నన్నూ జోగినీ మార్చి మార్చి చూశాడు.

"మొదటి పిచర్‌ను దించుతున్నాను. ఆచారం ప్రకారం కానివ్వండి," అన్నాను.

నాగలింగేశ్వరం గారు పరుగున వచ్చారు. శాలువా చేతిలో ఉంది, ముఖంలో రక్తం లేదు. "అమ్మా, నాలుగు బంతులకా? ముఖ్య అతిథి ఇంకా బండి కూడా ఎక్కలేదు!"

"మానేద్దామంటారా? ఆట రద్దవుతుందేమో అంపైరు గారిని అడగండి."

మానలేదు. కోమలి కోసం రాయించిన బ్యానరు మీద జోగి పేరు కాగితం అంటించారు. వీరనారి అన్న మాట మీద అంటించడానికి కాగితం చాలలేదు. అధ్యక్షులవారికి ఉపన్యాసం ముందే రాసి ఇచ్చారు కాబట్టి ఆయన దాన్నే చదివారు. "ఎనిమిది ఇన్నింగ్స్‌లపాటు అలుపెరగక శత్రువును నిలువరించిన ఈ ఆడపడుచు..." అంటున్నప్పుడు ఎవరో ఆయన చెవిలో ఏదో చెప్పారు. ఆయన తల ఎత్తి జోగి మీసాలు చూసి, కాగితం వైపు చూసి, కాగితాన్నే నమ్మారు. జోగి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. వాళ్లమ్మ మొదటి వరసలో కొంగుతో కళ్లు ఒత్తుకుంది. నేను చూసిన దించుడు సన్మానాల్లో కళ్లనీళ్లు వచ్చింది అక్కడొక్కచోటే.

తెర వెనక కోమలి చెయ్యి బాగా వేడెక్కింది. చల్లారింది ఎదుటి బ్యాటర్లు.

ఆమె ఎక్కాక ఆట ఏకపక్షం. కోపంలో ఉంది, కోపాన్నంతా బంతిలో పెట్టింది. ఎదుటివాళ్లలో ఒక్కడూ మొదటి బేసు ముఖం చూడలేదు. మూడో ఇన్నింగ్స్‌లో మనం ఒక పరుగు చేశాం. జనం బల్లలు ఎక్కి గంతులు వేశారు. ఇక్కడ గంతు వేసిన మనిషి కిందికి రావడానికి సమయం పడుతుంది కాబట్టి వెనకవాళ్లు తిట్టుకున్నారు.

ఆరో ఇన్నింగ్స్‌లో ఇద్దరు అవుట్ అయ్యాక ఆమె విసిరినవి యాభై నాలుగు. మోచెయ్యి ఇంకా జారలేదు. అదే సరైన వేళ. జారాక వెళ్లేదాన్ని తనిఖీ అనరు, పంచనామా అంటారు. నేను లేచాను.

నన్ను చూసి కోమలి దిబ్బ మీద వెనక్కి ఒక అడుగు వేసింది.

"వద్దు మామ్మగారూ. ఒక్కరికి కూడా బేసు ఇవ్వలేదు."

"చూశాను."

"నొప్పి లేదు. ఒట్టు."

"నమ్ముతున్నాను."

"మరి ఎందుకు?"

"నొప్పి లేనప్పుడే దించాలి కాబట్టి. బంతి ఇవ్వు."

"నా చెయ్యి. నా ఇష్టం."

"చెయ్యి నీదే. బంతి జట్టుది. ఇటివ్వు."

ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. బంతి నా అరచేతిలో పెట్టలేదు, కొట్టినట్టు వేసింది. శాలువా లేదు, దండ లేదు, రెండు మాటలు లేవు. ఫైనల్లో ఒక్క బ్యాటర్‌నూ కదలనివ్వని మనిషి నీళ్ల ప్లాంటు నుంచి ఇంటికి పోతున్నట్టు దిగి నడిచిపోయింది. జనానికి ఏం జరిగిందో అర్థం కావడానికి కొంచెం సమయం పట్టింది. అర్థమయ్యాక ఆ గోల గుహ కప్పు దాకా లేచింది. నామీద సెనగలు పడ్డాయి. సెనగల రేషను తక్కువగా ఉందని నిన్ననే గొడవ చేసిన జనం వీళ్లే.

"శాలువా! శాలువా!" అంటూ నాగలింగేశ్వరం గారు పరుగెత్తుకొచ్చారు.

"రెండో పిచర్‌కు శాలువా ఎప్పుడైనా కప్పారా?"

ఆయన నోరు తెరిచి, కిందటేడు జోగి దిగిన ఆరుసార్లూ గుర్తుచేసుకుని, మూశారు.

మిగిలిన ఇన్నింగ్స్‌లు విసరడానికి బడిలో డ్రిల్లు చెప్పే పేరిందేవి ఎక్కింది. నెమ్మదిగా, బుద్ధిగా విసిరింది. ఏడు దాటింది, ఎనిమిది దాటింది. అప్పుడు ఛైర్మన్ గారు వచ్చారు. శాలువా కప్పడానికి మనిషి మిగల్లేదు కాబట్టి, తెచ్చిన శాలువా ఆయనకే కప్పారు. ఆయన సంతోషించారు.

తొమ్మిదో ఇన్నింగ్స్‌లో ఎదుటివాళ్లు రెండు పరుగులు చేశారు. మనం ఓడిపోయాం. రెండు, ఒకటి.

కోమలి ఉండుంటే గెలిచేవాళ్లమా? గెలిచేవాళ్లమేమో. ఈ మాట ఇక్కడ రాస్తున్నాను, ఎందుకంటే అందరూ దాన్ని నాకు చెప్పడానికి వస్తారు, నాకు తెలియదనుకుని. మళ్లీ అదే ఆట, అదే స్కోరు, అదే బంతి వస్తే మళ్లీ యాభై నాలుగు దగ్గరే లేస్తాను.

నమోదు 8

ఫిల్టర్ల వరసలో నా ముందూ వెనకా ఖాళీ వదిలారు. పని తొందరగా అయింది.

పాలకవర్గం వారి కబురు వచ్చింది. నా అమూల్య సేవలకు గుర్తింపుగా వచ్చే వారం నాకు ఘనంగా సన్మానం చేసి, కొత్త మేనేజరును నియమిస్తారట. కొత్త మేనేజరు నాగలింగేశ్వరం గారు. ఇస్త్రీ సమస్య ఇక ఉండదు.

కాఫీ కలుపుకుంటుండగా కోమలి వచ్చింది. చెప్పులు విప్పలేదు. గుమ్మంలోనే నిలబడింది.

"పొద్దున్నుంచి ఎంతమంది అడిగారో తెలుసా మామ్మగారూ? ఏం తప్పు చేశావమ్మా, అని. జోగన్నకి శాలువా కప్పారు. ఆ ఛైర్మన్‌కి కప్పారు. నన్ను మాత్రం మెడ పట్టి గెంటినట్టు దించారు."

"అవును."

"అవునా? అంతేనా?"

"కూర్చో. కాఫీ తాగు."

"నాకొద్దు మీ కాఫీ! మూడు ఇన్నింగ్స్. మూడంటే మూడు. మా మనవలకి చెప్పుకునేదాన్ని."

"మనవలు వినరు. నాకు నలుగురున్నారు."

అది అనకుండా ఉండాల్సింది. ఆమె బల్ల మీది స్టీలు గ్లాసు తీసుకుని విసిరింది. నామీదికి కాదు, నా పక్క గోడమీదికి. కాఫీ గ్లాసులోంచి గాల్లోకి ముద్దగా లేచి నెమ్మదిగా నా చీర మీద దిగింది. గ్లాసు మాత్రం గీత గీసినట్టు పోయి, నేను దేవుడి పటం పెట్టిన మేకు తలకు తగిలి సొట్టపడింది.

నేను గ్లాసు చూడలేదు. మోచెయ్యి భుజం ఎత్తుకు వచ్చింది. భుజం చివరిదాకా తిరిగింది. ముఖం ఎక్కడా ముడుచుకోలేదు.

"నొప్పి వచ్చిందా?" అని అడిగాను.

"రాలేదు!" అని అరిచింది.

అరిచి, తన చేతి వైపు చూసుకుంది.

"సరే. సూటు పరీక్ష రేపు దీపాలు వెలగ్గానే," అన్నాను. "తలస్నానం చెయ్యకు, శిరస్త్రాణంలో జుట్టు ఆరదు. ఇప్పుడు ఆ గుడ్డ తీసుకుని గోడ తుడువు. ఎడమచేత్తో."